40 వేలన్న బీబీసీ మైక్రోకి ఇప్పుడు 18 వేలే ఇస్తామంటున్నారు, నిజంగానే రేటు పడిపోయిందా?

అంబాజీపేట_అబ్బాయి

అందరికీ నమస్కారమండీ. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. 1980ల్లో స్కూళ్లలో కంప్యూటర్ నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన క్లాస్ పథకం కింద వాళ్ల స్కూలుకి బీబీసీ మైక్రోలు అనే ఇంగ్లండ్ రకం కంప్యూటర్లు వస్తే, ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి పిల్లలకి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పింది ఆయనే. తర్వాత అవి మూలన పడ్డాయి. స్కూలు వాళ్లు పాత సామాను వేలం వేసినప్పుడు ఆయన ఒకటి పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు. 1996 నవంబరు తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయిన రాత్రి దాని మీద పరదా కప్పి పక్కనే కూర్చున్నారు, అది నాకింకా గుర్తు.

2021లో నేను ఫోటోలు పెడితే హైదరాబాద్ నుంచి ఒకాయన 40 వేలు ఇస్తానన్నారు. నాన్నగారు ఒప్పుకోలేదు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు పెంకుటిల్లు విప్పి డాబా కడుతున్నాం, సామానంతా అటక మీంచి దించాం. మిషను మీద ఎస్‌సీఎల్ యూనికార్న్ అని ఉంది, ఫ్లాపీ డ్రైవు, మానిటర్, పుస్తకాలు, ఓ ముప్పై దాకా పెద్ద ఫ్లాపీలు ఉన్నాయి. అదే హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేస్తే 18 వేలు, అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ రాదు అంటున్నారు. నెట్‌లో చూస్తే 10 వేల నుంచి లక్ష దాకా కనిపిస్తున్నాయి. పాత ఇనప సామాన్ల ఆయనైతే అన్నీ కలిపి 350 ఇస్తానండీ ఆయ్ అన్నాడు. అవసరం చూసి తగ్గిస్తున్నారా, నిజంగానే రేటు పడిందా? తెలిసినవాళ్లు చెప్పండి, ఇల్లు విప్పేశాం కాబట్టి ఎక్కువ రోజులు ఉంచడానికి చోటు కూడా లేదు.

తణుకు_జెడ్80

నేను పన్నెండేళ్లుగా ఇవి కొంటున్నాను. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేననుకోను. 2020, 21లో అందరూ ఇళ్లలో కూర్చున్నారు, జీతం వస్తోంది, ఎక్కడికీ వెళ్లేది లేదు, చిన్నప్పుడు కొనుక్కోలేకపోయిన కమోడోర్లు, స్పెక్ట్రమ్‌లు, అమిగాలు లాంటి పాత ఇంటి కంప్యూటర్లన్నీ అప్పుడే కొన్నారు. నేను కూడా ఒక కమోడోర్ 64కి అంతకుముందు ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు ఇచ్చాను. ఆ రేట్లు చూసి అటకల మీద ఉన్నవన్నీ అమ్మకానికి దిగాయి, ఈలోపు ఆఫీసులు తెరిచారు, కొనేవాళ్లు తగ్గారు.

దానికి తోడు, ఆటలు ఆడుకుంటే చాలు అనుకునేవాళ్లకి కొత్తగా చేసిన నమూనాలు వచ్చేశాయి. 2019లో ద సీ64, 2024లో ద స్పెక్ట్రమ్, రెండూ ఇప్పటి టీవీకి తిన్నగా పెట్టుకోవచ్చు. వాళ్లెవరూ ఇక పాత మిషను జోలికి రారు. ఇంకోవైపు 1990ల నాటి 486, పెంటియం పీసీలు, వూడూ గ్రాఫిక్స్ కార్డులు, మంచి పిక్చర్ ట్యూబ్ మానిటర్లు అడిగేవాళ్లు పెరిగారు, ఎందుకంటే 1995లో పదో తరగతి చదివినవాళ్ల చేతిలో ఇప్పుడు డబ్బుంది. నా దగ్గర ఒకప్పుడు ఊరికే ఇచ్చేసిన పెంటియం మిషన్లు ఉండేవి, తలుచుకుంటే బాధేస్తుంది.

నెట్‌లో లక్ష అని కనిపించేది అమ్మేవాడు అడిగే రేటు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించమని పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మన రొయ్యల లెక్కే అనుకోండి, 30 కౌంట్ (కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్యలు) రేటు పేపర్లో చూసి 100 కౌంట్ చిన్న సరుక్కి అదే కావాలంటే చెరువు గట్టు మీద ఎవరిస్తారు? ఆపిల్ కంపెనీ మొదటి కంప్యూటర్ ఆపిల్-1 వార్తలు కూడా అలాగే జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నాయి. 1976లో 666 డాలర్ల 66 సెంట్లకి అమ్మిన ఆ బోర్డు 2014 వేలంలో 9,05,000 డాలర్లు పలికింది నిజమే, కానీ అవి చేసినవే సుమారు 200. బీబీసీ మైక్రోలు 15 లక్షల దాకా అమ్ముడయ్యాయి, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. పనిచేస్తే 25 వేల దాకా అడగండి, పనిచేయకపోతే 18 వేలు మంచి బేరమే అంటాను.

రాజోలు_సోల్డరింగ్

తమ్ముడూ, బేరం తర్వాత. ముందు దాన్ని కరెంటు ప్లగ్గులో పెట్టావా? పెట్టకపోతే అసలు పెట్టకు. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట రీఫా కంపెనీ కెపాసిటర్లు ఉంటాయి, లేత పసుపు రంగులో, లోపల ఉన్నది బయటికి కనిపిస్తుంది. వయసుకి పైపొర పగిలి తేమ లోపలికి పోతుంది, స్విచ్ వేసిన కాసేపటికి ఢామ్మని పేలి ఇల్లంతా భరించలేని కంపు, పొగ. ఎక్స్2 రకం (కరెంటు లైను మీద వాడే భద్రమైన కెపాసిటర్లు) కొత్తవి వేయించు, పెద్ద ఖర్చేం కాదు. పనిచేస్తుందో లేదో కొనేవాళ్లకి చూపిద్దామని ఆత్రంగా స్విచ్ వేసి పాడుచేసుకున్నవాళ్లని నేను ఇద్దర్ని చూశాను.

బాగుంటే ఆన్ చేయగానే ముందు లావు శబ్దం, వెంటనే సన్నగా ఒక బీప్ వస్తుంది. లావు శబ్దం ఆగకుండా మోగుతూ ఉంటే లోపల పని ఉన్నట్టే. మన కోనసీమలో అసలు శత్రువు ఉప్పు గాలి. సాకెట్లలో పెట్టిన ఐసీల (చిప్‌ల) కాళ్లు నల్లబడి ఉంటాయి, ఒక్కొక్కటీ జాగ్రత్తగా ఊడదీసి తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు అదే లేస్తుంది. ఫ్లాపీలు వెలుగులో పెట్టి చూడు, పలక మీద బూజు చుక్కలు ఉంటే డ్రైవులో వేయకు, ఆ ఫ్లాపీ గీసుకుపోతుంది, డ్రైవు హెడ్డూ పాడవుతుంది. ఇంకొకటి, పైడబ్బా పచ్చబడిందని హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టమని ఎవరైనా చెబితే వినకు. సరిగ్గా కుదరకపోతే మచ్చలు మచ్చలుగా తెల్లబడుతుంది, అలాంటిదానికి పచ్చగా ఉన్నదానికన్నా తక్కువ ఇస్తారు.

మండపేట_ఎంఎస్‌ఎక్స్

తణుకు గారి లెక్క ఇంగ్లండ్ మిషన్లకి సరిపోతుంది, దీనికి సరిపోదు. పదిహేను లక్షల్లో ఎస్‌సీఎల్ పేరుతో వచ్చినవి ఎన్ని, వాటిలో మన స్కూళ్ల మూలల్లో తుప్పు పట్టి తూకానికి పోకుండా మిగిలినవి ఎన్ని? ఎస్‌సీఎల్ అంటే బీబీసీ మైక్రోని మన దేశంలో తమ పేరుతో తెచ్చిన, మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్, 1989లో అగ్నిప్రమాదంలో కాలిపోయిన చిప్‌ల ఫ్యాక్టరీ వాళ్లదే. ఇప్పుడు ఎక్కడ చూసినా చిప్ ఫ్యాక్టరీల మాటే కాబట్టి ఆ పేరు వెతికేవాళ్లు ఉన్నారు. ఈబేలో పోల్చి చూడటానికి ఇలాంటిది ఇంకొకటి కనిపించదు, కనిపించనప్పుడు మామూలు బీబీసీ మైక్రో రేటు పెట్టి ఎందుకు తగ్గించుకోవాలి?

నేను ఈ తప్పు చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా మేనమామ కువైట్ నుంచి సఖ్ర్ కంప్యూటర్ తెచ్చాడు, ఎంఎస్‌ఎక్స్ అని చాలా కంపెనీలు ఒకే పద్ధతిలో చేసిన పాత ఇంటి కంప్యూటర్ రకం, కీల మీద ఇంగ్లిష్ పక్కన అరబ్బీ అక్షరాలు. 2015లో మామూలు ఎంఎస్‌ఎక్స్‌ల రేటు చూసుకుని 3 వేలకి ఇచ్చేశాను. ఆ అరబ్బీ అక్షరాల కోసమే కొనేవాళ్లు ఉంటారని అప్పుడు నాకు తెలియదు. తర్వాత అలాంటిది ఒకటి కొందామని వెతికితే నేను అమ్మినదానికి పది రెట్లు అడిగారు, కొనలేకపోయాను.

బాబూ, వేలం రసీదు ఉందేమో వెతకండి. ప్రభుత్వ స్కూలు సామాను ఇంట్లోకి ఎలా వచ్చిందని రేపు ఎవరూ అడగకుండా అదే సాక్ష్యం, పైగా ఏ స్కూల్లో వాడారో తెలిసిన మిషనుకి విలువ ఎక్కువ. ఫ్లాపీల్లో పిల్లలు రాసిన ప్రోగ్రాములు ఉంటే, అమ్మినా అమ్మకపోయినా ముందు వాటికి కాపీలు తీయించండి.

తణుకు_జెడ్80

ఎస్‌సీఎల్ లేబుల్ సంగతి నేను సరిగ్గా చదవలేదు, క్షమించండి. మండపేట గారు చెప్పింది నిజం. 18 వేలకి ఇవ్వకండి. అయితే 40 వేలకి కూడా వెంటనే కొనేవాళ్లు దొరుకుతారని చెప్పలేను, ఇలాంటివి కావాల్సినవాడు ఒక్కడు తగలాలి, ఆర్నెల్లు పట్టొచ్చు. చోటే ఇబ్బందైతే మా ఇంట్లో పైగది ఖాళీగా ఉంది, రసీదు రాసిచ్చి ఉంచుతాను.

అంబాజీపేట_అబ్బాయి

అందరికీ చాలా థాంక్సండీ. స్విచ్ వేయలేదు. నిన్న రాత్రి స్క్రూలు తీసి చూస్తే, రాజోలు అన్నగారు చెప్పినట్టే పసుపు కెపాసిటర్లు రెండూ పగుళ్లు ఇచ్చి ఉన్నాయి. రసీదు నాన్నగారి లాగరిథమ్ టేబుల్స్ పుస్తకంలో దొరికింది, 1994 తేదీ, 210 రూపాయలు, హెడ్మాస్టారి సంతకం, స్కూలు ముద్ర. ఫ్లాపీల కవర్ల మీద ఆయన చేతిరాతతో తొమ్మిదో తరగతి, పదో తరగతి అని సెక్షన్ల వారీగా పిల్లల పేర్లున్నాయి. అందులో మా అక్క పేరు కూడా ఉంది. ఫోన్ చేసి చెబితే ఆ ఫ్లాపీలో ఏముందో చూసేదాకా అమ్మొద్దంటోంది.

హైదరాబాద్ ఆయనకి ఇప్పుడు ఇవ్వడం లేదని చెప్పేశాను. రాజోలు అన్నగారూ, ఆదివారం మీ దగ్గరికి తీసుకురావచ్చా? మానిటర్ కూడా తేవాలా?

రాజోలు_సోల్డరింగ్

పొద్దున్నే రా తమ్ముడూ. మానిటర్ నా దగ్గరుంది, నీది బరువు మొయ్యకు. మిషను, డ్రైవు, వాటి మధ్య వైరు మర్చిపోకు, ఆ వెడల్పాటి రిబ్బన్ వైరు బయట దొరకదు. ఫ్లాపీలు పాలిథిన్ సంచిలో కాకుండా అట్టపెట్టెలో, నిలబెట్టి తీసుకురా.