ఎండాకాలంలో మసాలా ఘాటు, చెక్క వాసన కలిసిన సెంటు వాడవచ్చా?

ప్రశ్న (తిరుపతి నుంచి):
అందరికీ నమస్కారం. మా అన్నయ్య పోయిన నెలలో ఒక పెర్ఫ్యూమ్ కానుకగా ఇచ్చాడు. కొట్టుకున్న మొదటి పది నిమిషాలు ఏలకులు, లవంగాలు అప్పుడే రోట్లో దంచినంత ఘాటుగా ఉంటుంది. గంట గడిచేసరికి ఆ ఘాటు అణిగి, పాత చెక్క పెట్టె మూత తెరిచినప్పుడు వచ్చే పొడి వాసన మణికట్టు దగ్గర మిగులుతుంది. నాకు ఎంతో ఇష్టమైనది ఆ రెండో వాసనే. కానీ ఈ ఎండల్లో ఆఫీసుకు చేరేసరికి, పక్క సీటులోని ఆవిడకు తలనొప్పి వస్తోందట. మానేయాలని నాకు లేదు, ఆవిడను ఇబ్బంది పెట్టాలనీ లేదు. ఎలా వాడితే బాగుంటుందో చెప్పగలరు. ఇందులో ఉన్నది మన శేషాచలం ఎర్రచందనం వాసనేనని అమ్మినాయన అన్నయ్యతో చెప్పాడట, అది నిజమేనా?

జవాబు (చిత్తూరు నుంచి):
నిజం కాదండీ. ఎర్రచందనం చేవకు రంగే గొప్ప, పరిమళం దాదాపు లేదు. అరగదీసి చూస్తే ఎర్రటి ముద్ద వస్తుంది గానీ గంధపు వాసన రాదు. మీకు నచ్చిన ఆ వాసన శ్రీగంధానిదో దేవదారుదో అయి ఉండాలి. పేరులో చందనం ఉన్నంత మాత్రాన రెండు చెట్లూ ఒకటి కావు; మన కొండల చెట్టు గురించి మన ఊళ్లోనే ఇలా చెప్పి అమ్మడం నాకు బాధగా ఉంది.

జవాబు (తిరుపతి నుంచి):
వాడకం గురించి నేను చెబుతానమ్మా, ఇరవై ఏళ్లుగా నేను ఈ రకమే వాడుతున్నాను. ఏలకుల వంటి తేలికైన వాసనలు ముందుగా ఆవిరైపోతాయి, గంధం వంటి బరువైనవి ఆలస్యంగా కదులుతాయి. ఒంటి వేడి, ఎండ వేడి కలిస్తే అన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి కనుకనే మీ పక్కవారికి అంత ఘాటుగా తగులుతోంది. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక, బయలుదేరడానికి గంట ముందు ఒక్కసారే, మెడ మీద కాకుండా చొక్కా లోపల ఛాతీ దగ్గర కొట్టుకోండి. ఆ గంటలో ఘాటు ఇంట్లోనే తీరిపోతుంది, ఆఫీసుకు చెక్క వాసన మాత్రమే వస్తుంది.

వాసన నిలవడం అనగానే నాకు పునుగు, అంటే పునుగు పిల్లి నుంచి వచ్చే సుగంధ ద్రవ్యం, గుర్తుకొస్తుంది. శ్రీవారికి శుక్రవారం అభిషేకం తర్వాత పునుగు తైలం పూస్తారు కదా, పూర్వం విదేశాల్లో అత్తరులు చేసేవారు కూడా పరిమళం ఎక్కువసేపు నిలవడానికి పునుగునే కలిపేవారు. ఇప్పుడు చాలావరకు దానికి బదులు కృత్రిమంగా తయారుచేసినదే వాడుతున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఉదయం ఏడున్నరకు ఒక్కసారే కొట్టుకుని, ఎనిమిదిన్నరకు బయలుదేరాను. మధ్యాహ్నం భోజనాల వేళ పక్క సీటు ఆవిడ తనంతట తానే, "ఇవాళ గంధం పెట్టుకున్నారా?" అని అడిగారు.