మేకలు ఈనే రోజుల్లో క్యూ జ్వరాన్ని ఎలా పసిగట్టాలి?

ప్రశ్న:
మా పాడి మేకల మందలో ఈ చలికాలం రెండు మేకలు నెలలు నిండకముందే ఈసుకుపోయాయి. మేకలు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి కోసం చేసిన పరీక్షలో ఏమీ తేలలేదు. మేకల నుంచి మనుషులకూ సోకే క్యూ జ్వరం కోసం చేయించిన ఎలిసా అనే రక్తపరీక్షలో మాత్రం ఈసుకుపోయిన వాటిలో ఒకటీ, చక్కగా ఈనిన మేకలు కొన్నీ పాజిటివ్‌గా వచ్చాయి. వీటిని మంద నుంచి వేరు చేస్తే సరిపోతుందా?

సమాధానం (పశువైద్యుడు):
సరిపోదండి. ఎలిసా చూపేది రక్తంలోని ప్రతిరక్షకాలను. క్యూ జ్వరం తెచ్చే కాక్సియెల్లా బర్నెటి అనే సూక్ష్మజీవి ఆ మేకకు ఎప్పుడో సోకిందని అవి చెబుతాయే తప్ప, ఇప్పుడు దాన్ని బయటికి విడుస్తున్నదో లేదో చెప్పలేవు. రక్తపరీక్షలో నెగటివ్‌గా ఉన్న మేక కూడా ఈనేటప్పుడు దాన్ని విడవవచ్చు. ఈ సూక్ష్మజీవి చూడి మేక మాయలో విపరీతంగా పెరుగుతుంది; ఒక్క గ్రాము మాయలో వంద కోట్ల దాకా ఉండగలదు. అందువల్ల ఇకపై ఏ మేక ఈసుకుపోయినా మాయ ముక్కను, యోని స్రావాన్ని వీలైనంత త్వరగా, వారం దాటకుండా తీయించి, సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికి దాని మోతాదును కూడా తేల్చే పీసీఆర్ పరీక్షకు పంపండి. పాకలోని దుమ్ము అంటుకున్నా బలహీనమైన పాజిటివ్ రావచ్చు కనుక, మోతాదు తెలియని ఫలితాన్ని నేనైతే పెద్దగా నమ్మను. మామూలుగా ఈనిన మేకలు కొన్నింటి నుంచి కూడా నమూనాలు తీయించాలి, ఎందుకంటే అవీ విడుస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
క్యానులోని పాలను పరీక్షిస్తే చవకగా తేలిపోదా?

మరొక సమాధానం:
మందలో ఉందో లేదో తెలుస్తుంది, ఏ మేకలో ఉందో తెలియదు. పైగా ఈతకు దగ్గరపడి వట్టిపోయిన మేకల పాలు ఆ క్యానులో ఉండనే ఉండవు. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 వరకు నాలుగు వేల మందికి పైగా ఈ జ్వరం సోకినట్లు నమోదైంది. అక్కడ 2009లో ట్యాంకు పాలకు పీసీఆర్ తప్పనిసరి చేసి, పాజిటివ్ మందల్లోని చూడి మేకలను, టీకా వేసినవాటితో సహా, వధించారు. ఒక్కొక్క మేకను నమ్మకంగా విడదీయగల పరీక్ష చేతిలో లేకపోవడం వల్లనే అంత దూరం పోవలసి వచ్చిందని నా అభిప్రాయం.

సమాధానం (పశువైద్యుడు):
నమూనాలను మీరే తీయకండి. గాలిలో కలిసిన అతి కొద్ది సూక్ష్మజీవులు చాలు మనిషికి సోకడానికి. గర్భిణులను, గుండె కవాటాల జబ్బు ఉన్నవారిని ఈనే పాక దరికి రానీయవద్దు. మాయను కుక్కలకు అందకుండా లోతుగా పూడ్చండి. ఫలితాలు వచ్చేదాకా పాలు కాచకుండా ఎవరికీ ఇవ్వకండి.