హెచ్‌ఐవీ నివారణ పని నల్లజాతి చర్చిల చేతిలో పెట్టవచ్చా?

శ్రీలత, అట్లాంటా: అమెరికా జనాభాలో నల్లజాతివారు సుమారు 12 శాతం. కొత్తగా హెచ్‌ఐవీ బయటపడుతున్న పది మందిలో మాత్రం దాదాపు నలుగురు వాళ్లే. అందుకే ఆరోగ్య శాఖలు చర్చిలను కలుపుకుని పరీక్షలు చేయిస్తున్నాయి. స్వలింగ సంబంధం పాపమని ఏళ్ల తరబడి ప్రసంగాలు విన్న కుర్రవాడు ఆ గడపే తొక్కి పరీక్ష చేయించుకుంటాడా? చర్చిల్లో ఈ పనికి పెట్టే డబ్బు క్లినిక్కులకే ఇవ్వాలి.

రవికాంత్: క్లినిక్కు ఉంటే సరిపోతుందా అండీ, నమ్మకం ఉండాలి కదా! అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు వైద్యం అందకుండా చేసింది ప్రభుత్వ ఆరోగ్య శాఖే. దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆసుపత్రిలో ఎయిడ్స్ రోగుల పక్కన ప్రార్థన చేయడానికి చర్చి మనిషి ఒక్కరూ రాకపోవడం చూసి, రోగనిరోధక శాస్త్రం చదివిన పెర్నెస్సా సీల్ 1989లో చర్చిలను, మసీదులను కూడగట్టి ప్రార్థనా వారం జరిపించారు. అదే తర్వాత ‘ది బామ్ ఇన్ గిలియడ్’ సంస్థ అయింది.

శ్రీలత: టస్కీగీ మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ మనుషులను పోగుచేయడానికి చర్చిలను కూడా వాడుకున్నారు!

ఫిలిప్, మెంఫిస్: ఇద్దరూ చర్చి అంటే ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. లాస్ ఏంజెలెస్‌లో కార్ల్ బీన్ స్వలింగ సంపర్కులైన నల్లజాతివారి కోసమే చర్చి పెట్టి, 1985లోనే మైనారిటీ ఎయిడ్స్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఇక నేను చూసింది చెబుతాను. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టర్ అందరి ముందూ హెచ్‌ఐవీ పరీక్ష కోసం చిగుళ్ల మీద పుల్ల రాసుకుని, దాన్ని ద్రవంలో ముంచి కూర్చున్నారు. ఫలితానికి ఇరవై నిమిషాలు. పాటల బృందం పాడుతూనే ఉంది. తర్వాత చాలామంది వరుసకట్టారు. చిక్కల్లా ఫలితం చెప్పే పక్క గదితోనే. ఎవరు లోపల ఎక్కువసేపు ఉండిపోయారో సంఘమంతా లెక్కపెడుతోంది! అందరినీ లోపల ఒకే సమయం కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పైగా రోజూ మాత్ర వేసుకుంటే వైరస్ సోకకుండా ఆపవచ్చని, 2012 నుంచే ఆ మందుకు అనుమతి ఉందని పాస్టర్ నోట ఒక్క మాట రాలేదు. డబ్బు ఇవ్వండి, కానీ మాత్ర గురించి, కండోమ్ గురించి చెప్పే చర్చికే ఇవ్వండి.

రవికాంత్: అలా షరతు పెడితే సగం చర్చిలు తప్పుకుంటాయి.

శ్రీలత: తప్పుకోనివ్వండి. ఫిలిప్ గారు చెప్పిన రెండూ ఒప్పందంలో రాయిస్తే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం సంగతి ఆ పాస్టర్ ప్రసంగం విన్నాక చెబుతాను.