కనీస వేతనం పెరిగితే చిన్న యూనిట్లు మూతపడతాయా?

బాలానగర్ లేత్:
ఏప్రిల్, అక్టోబరు వస్తున్నాయంటే నాకు టెన్షన్. ధరల సూచీని బట్టి డీఏ (కరువు భత్యం) పాయింట్లు పెరుగుతాయి, దాంతో కనీస వేతనం పెరుగుతుంది. మాది 22 మందితో నడిచే మెషీన్ షాపు. వాళ్లలో 15 మందివి హెల్పర్ల జీతాలే.

జీతం వెయ్యి పెరిగితే ఖర్చు వెయ్యితో ఆగదు. పీఎఫ్‌లో మా వాటా చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 130. ఈఎస్ఐ 3.25 శాతం, 32.50. బోనస్ 8.33 శాతం, ఇంకో 83. 2015 సవరణ వచ్చాక బోనస్ లెక్క 7,000 దగ్గర ఆగడం లేదు, కనీస వేతనం అంతకన్నా ఎక్కువుంటే దాని మీదే కట్టాలి. గ్రాట్యుటీ పక్కన పెట్టినా మనిషికి 1,245. పదిహేను మందికి నెలకు 18,600 పైనే.

మరి కంపెనీలకు మేం విడిభాగాలు చేసిచ్చే జాబ్ వర్క్ రేటు? ఒక బుష్‌కి నాలుగేళ్లుగా అదే 38 రూపాయలు. పెంచమని అడిగితే "పక్క షెడ్డాయన 36కే చేస్తానంటున్నాడు" అంటారు. బిల్లు 90 రోజులకు వస్తుంది. జీతాలు మాత్రం ఏడో తారీఖు దాటకూడదు. పనివాళ్లకు పెంచొద్దని నేను అనను. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చెప్పండి.

బి షిఫ్ట్:
అన్నా, మీ లెక్క కరెక్టే. నా లెక్క కూడా వినండి. ఇంతకుముందు పనిచేసిన చోట జీతం వోచర్ మీద ఒక అంకె ఉండేది, చేతికి ఇంకొకటి వచ్చేది. సంతకం పెట్టకపోతే మర్నాడు గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. 12 గంటల డ్యూటీ. చట్టం ప్రకారం ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) డబుల్ ఇవ్వాలి, మాకు సింగిలే.

కనీస వేతనం అంటే విలాసం కాదన్నా. 1957లో 15వ భారత కార్మిక సదస్సు వేసిన లెక్క చూడండి: పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి రోజుకు 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, తలదాచుకోను ఇల్లు. కేరళ పెంకుల ఫ్యాక్టరీల మీద నడిచిన ఉన్నిచోయి కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది, కనీస వేతనం దగ్గర యజమాని స్తోమత చూడక్కర్లేదని. తిండికి సరిపోని జీతం మీద నిలబడే యూనిట్‌ను మేం ఎందుకు మోయాలి?

ఎడిసన్ నుంచి:
అమెరికాలో మా న్యూజెర్సీ రాష్ట్రం ఈ చర్చలో పాత కాపు. 1992లో ఇక్కడ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది. కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇక్కడి ఫాస్ట్‌ఫుడ్ షాపులను పక్కనున్న పెన్సిల్వేనియా షాపులతో పోల్చి, ఉద్యోగాలు తగ్గలేదన్నారు. న్యూమార్క్, వాషర్ అనే మరో ఇద్దరు జీతాల రికార్డులు తీసి కాదన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

నేను కళ్లారా చూసింది మా బావగారి శాండ్‌విచ్ షాపులో. ఆయన ఎవర్నీ తీసేయలేదు. కాలేజీ పిల్లల గంటలు తగ్గించి, ఆదివారం సాయంత్రం కౌంటర్లో తనే నిలబడుతున్నాడు. అందుకే తలలు లెక్కపెడితే చాలదు, గంటలూ చూడాలి. 2019లో తెచ్చిన చట్టం 15 డాలర్లకు చేరడానికి 2024 దాకా గడువిచ్చింది, ఆరుగురి కన్నా తక్కువ మంది ఉన్న షాపులకు 2026 దాకా. ఆ వెసులుబాటు మంచిదే అనిపించింది.

ఖాతాబుక్కు:
నేను చిన్న యూనిట్ల లెక్కలు రాస్తాను. మస్టర్‌లో (హాజరు పట్టీలో) 19 మందే ఉండాలని పట్టుబట్టే యజమానులను చూశాను, 20 అయితే పీఎఫ్ కట్టాల్సి వస్తుందని. మిగతావాళ్లకు లెక్కల్లో చూపకుండా తెల్లకాగితం మీద జీతం. బాలానగర్ అన్నా, ఆ 36 రూపాయల రేటు చాలాసార్లు అక్కడి నుంచే పుడుతుంది. మీకు పోటీ మీ హెల్పర్ జీతం కాదు, ఎగ్గొట్టినా ఎవరూ అడగని పక్క షెడ్డు. 90 రోజుల సంగతంటారా, ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం 45 రోజుల్లో ఇవ్వాల్సిందే. చిన్న యూనిట్‌గా రిజిస్టరైన ఉద్యమ్ నంబరు బిల్లు మీద వేస్తున్నారా?

బాలానగర్ లేత్:
వేస్తున్నాను. అడిగితే తర్వాతి ఆర్డరు రాదేమోనని భయం, అందుకే నోరెత్తలేదు. తమ్ముడూ బి షిఫ్ట్, వోచర్ మాట నాకు గుచ్చుకుంది. మా దగ్గర అలా లేదు, కానీ ఓటీ సింగిలే ఇస్తున్నాను. అది తప్పే.

ప్రభుత్వ పెద్ద కాంట్రాక్టుల్లో కూలి రేటు పెరిగితే బిల్లు పెరిగేలా క్లాజు ఉంటుంది. మాకిచ్చే పీఓలో (పర్చేజ్ ఆర్డర్‌లో) అది లేదు. 38లో కూలి భాగం 14 రూపాయలు. ఆ 14ని డీఏతో పాటు పెంచమని సోమవారం కంపెనీ పర్చేజ్ వాళ్లను అడుగుతాను. లెటర్ ఎలా రాయాలో ఖాతాబుక్కు గారు చెబుతారా?