అమ్మకు సెలైన్ మానేసి మాత్రలు రాశారు, ఇది వైద్యమేనా?

ఉద్దానం వాసి:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానంలో ఒక చిన్న ఊరు. అమ్మకు 63 ఏళ్ళు. పెళ్ళికి ముందు నుంచీ అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం బయటివారికి వింతగా ఉంటుంది గాని, మా ఇంట్లో అమ్మమ్మ అలాగే తాగేది, అమ్మ కూడా జీడిపిక్కలు కొడుతూ అలాగే తాగింది. రెండేళ్ళ కిందట అంగిట్లో పుండు పడింది. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి అంగిట్లో కొంత తీసేసి ప్లేటు అమర్చారు. తర్వాత ఆరు వారాలు రేడియేషన్, దానితోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు సెలైన్. వాంతులతో అమ్మ సగమైపోయింది.

ఇప్పుడు మళ్ళీ మెడలో గడ్డ, ఊపిరితిత్తుల్లో రెండు చుక్కలు. మళ్ళీ ఆపరేషన్ కుదరదన్నారు. విశాఖలో చూసే డాక్టరుగారు ఈసారి సెలైన్ వద్దని మాత్రలు రాశారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒకరోజు 20 మిల్లీగ్రాములు, సెలెకాక్సిబ్ రోజుకు రెండుసార్లు. పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష. "ముంబైలో ట్రయల్ చేశారు, సెలైన్ కంటే ఇవే నయమని తేలింది" అన్నారు.

మందుల షాపులో చీటీ చూసి ఆయన "ఇవి కీళ్ళనొప్పుల మందులు కదా" అన్నాడు. నిజమే, మా వీధిలో కీళ్ళవాతం ఉన్న పిన్నిగారు ఈ మెథోట్రెక్సేటే ఏడేళ్ళుగా వేసుకుంటున్నారు. నెలంతటికీ అయిన ఖర్చు మా బస్సు చార్జీల కంటే తక్కువ. మా బావ "ఆరోగ్యశ్రీ కార్డు వాళ్ళు కదా, వదిలేశారు" అంటున్నాడు. ఇంకో ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఇంజెక్షన్ అని ఒక్కో డోసుకు లక్షల్లో చెప్పారు. ఉన్నది ఎకరంన్నర జీడితోట. అమ్మమంటే అమ్మేస్తాను. కానీ అసలు ఆ ట్రయల్ ఏమిటి? చవక మాత్రలు సెలైన్ కంటే నయమెలా అవుతాయి? తెలిసినవారు చెప్పండి.

పాత రిజిస్టరు:

బాబూ, ముందు మీ బావగారి మాట. వదిలేసినవాళ్ళు పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష రాయరు.

నేను డాక్టర్‌ను కాను. హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో 19 ఏళ్ళు క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పేరు పెద్దదే గాని, చేసే పని సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించడం, రోగి రాకపోతే ఊరికి ఫోను చేయడం, వెనక్కి తెచ్చిన మాత్రల అట్టలు లెక్కపెట్టడం. మీరు చెప్పిన ట్రయల్ మాది కాదు. కానీ ఆ ఫలితాలు వచ్చిన రోజు మా గదిలో అందరం గుమిగూడి చదివాం, అందుకే అంకెలు గుర్తున్నాయి.

అది ముంబై టాటా మెమోరియల్ వారిది. 2016 మే నుంచి 2020 జనవరి వరకు 422 మందిని చేర్చుకున్నారు. అందరూ మీ అమ్మగారిలాంటివారే: తల, మెడ భాగాల క్యాన్సర్, తిరగబెట్టినది, లేదా ఇంకోచోటికి పాకినది, లేదా కోతకు అందనిది. సగం మందికి మూడు వారాలకోసారి సిస్‌ప్లాటిన్ సెలైన్, ఆరుసార్లు. మిగతా సగానికి మీకు రాసిన ఈ రెండు మాత్రలే, జబ్బు ముదిరేదాకా. మెథోట్రెక్సేట్ లెక్క శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాములు. అమ్మగారు చిక్కిపోయారన్నారు కాబట్టి 20 అంటే ఆ లెక్కకు సరిపోయేలాగే ఉంది.

అందులో గమ్మత్తు ఏమిటంటే, మాత్రలు గొప్పవని చూపిద్దామని వాళ్ళు మొదలుపెట్టలేదు. "సెలైన్ కంటే తీసిపోకుండా ఉంటే చాలు" అన్నదే ప్రశ్న. ముంబై దాకా వచ్చి మంచం దొరక్క ఆసుపత్రి బయట పేవ్‌మెంటు మీద పడుకునే మనిషికి ఇంట్లో వేసుకునే మాత్ర సెలైన్‌తో సమానమైతే అదే పదివేలు. తీరా లెక్కలు చూస్తే మాత్రలవైపే మొగ్గు కనిపించింది. మాత్రలు వేసుకున్నవారిలో సగం మంది 7.5 నెలలకు పైగా బతికారు, సెలైన్‌వారిలో 6.1 నెలలకు పైగా. తీవ్రమైన దుష్ప్రభావాలు సెలైన్‌వైపు నూటికి 30 మందికి, మాత్రలవైపు 19 మందికి. 2020లోనే లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది.

తేడా నెలన్నర కూడా లేదు, చూశారుగా. ఇది జబ్బు పోగొట్టే మందు అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉన్న కాలాన్ని కాస్త పెంచి, ఆ కాలంలో వాంతులు తగ్గించే మందు.

చవక అంటే పని చేయదనుకోవడం మనకు అలవాటైపోయింది. మాత్ర మీద జబ్బు పేరు రాసి ఉండదు. మెథోట్రెక్సేట్ పుట్టిందే క్యాన్సర్ కోసం, కీళ్ళకు వాడటం తర్వాతి సంగతి. పైగా అది మనవాడి చేతి మందు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిస్తున్నప్పుడే ఈ జాతి మందులు తయారయ్యాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇలాంటిదే, అమినోప్టెరిన్ ఇస్తే పదిమందికి కొన్నాళ్ళు జబ్బు తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఒక్క మందుతో సరిపోదని తెలిసి 1960లలో నాలుగేసి మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకదాన్ని తప్పించుకున్న కణం ఇంకోదానికి దొరకాలని. మీ చీటీలో రెండు మందులు ఉండటం వెనక కథ అంత పాతది.

సెలెకాక్సిబ్ నొప్పి మాత్రే. కానీ గడ్డ తనకోసం కొత్త రక్తనాళాలు అల్లుకుంటుంది, ఆ అల్లికను ఇది కొంత అడ్డుకుంటుంది. ఇలా చిన్న డోసు ఎడతెగకుండా ఇవ్వడాన్ని మెట్రోనోమిక్ అంటారు. సంగీతం నేర్చుకునేవారి దగ్గర టిక్కు టిక్కుమని తాళం వేసే పెట్టె ఉంటుంది చూడండి, దాని పేరు మీద.

ఇక అన్నిటికంటే ముఖ్యం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. నేను బెదిరించడం లేదు. క్యాలెండరులో ఆ రోజు చుట్టూ ఎర్రగా గీసి పెట్టండి. మాత్రలు మీ చేతిలో ఉంచుకోండి, అమ్మగారి కొంగుకు కట్టి ఇవ్వకండి.

ఒక్క ప్రశ్న. మీది ఉద్దానం అన్నారు. అమ్మగారి క్రియాటినిన్ ఎంత? రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే అంకె అది, పెరిగితే కిడ్నీ మందగించినట్టు.

గుంటూరు పీజీ:

మేడమ్ చెప్పినవన్నీ సరైనవే. కానీ ఆ ట్రయల్‌కు ఉన్న లోపాలు కూడా చెప్పుకోవాలి. పోల్చింది ఒంటరి సిస్‌ప్లాటిన్‌తో. 2008లోనే యూరప్ ట్రయల్‌లో ప్లాటినమ్ (సిస్‌ప్లాటిన్ జాతి మందు), 5-ఎఫ్‌యూ అనే ఇంకో కీమో మందు, ఈ రెంటికీ సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ కలిపితే సగం మంది దాటిన ఆయువు 7.4 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. కాబట్టి బలహీనమైన ప్రత్యర్థి మీద గెలిచారని అనేవారున్నారు. ఒకే ఆసుపత్రిలో జరిగింది, ఎవరు ఏ మందు తీసుకుంటున్నారో అందరికీ తెలుసు.

మరో సంగతి. అదే టాటా మెమోరియల్ బృందం తర్వాత ఇంకో ట్రయల్ చేసింది, 151 మందితో. అందులో మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్‌లకు ఎర్లోటినిబ్ అనే మాత్ర కలిపి మూడు మందులు. ఒక గుంపుకు వాటితోపాటు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే. మామూలుగా అది రెండు వారాలకోసారి 240 ఇస్తారు. ఏడాదికి బతికి ఉన్నవారు ఒట్టి మాత్రలతో నూటికి 16, ఇంజెక్షన్ కలిపితే నూటికి 43. అన్నగారూ, తోట అమ్మే ముందు మీ డాక్టరుగారిని "తక్కువ డోసు నివోలుమాబ్ మాకు కుదురుతుందా" అని అడగండి. ప్రైవేటులో చెప్పిన లక్షలు పూర్తి డోసు లెక్క అయి ఉండవచ్చు.

పాత రిజిస్టరు:

పీజీ బాబూ, ప్రత్యర్థి బలహీనమన్న మాట ఒప్పుకుంటాను. కానీ సెటుక్సిమాబ్ మన వార్డులో ఎంతమందికి ఎక్కించావు? నా రిజిస్టరులో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. జనం నిజంగా తీసుకుంటున్న మందుతోనే కదా పోల్చాలి.

ఒకసారి కర్నూలు వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి నన్ను నిలదీశాడు. ఏ గుంపులో పడతాడో కంప్యూటర్ నిర్ణయిస్తుందని చెబితే, "అంటే చీటీ వేసి మందిస్తారా తల్లీ? మా ఊళ్ళో నీళ్ళ వంతుకు చీటీ వేస్తాం, ప్రాణానికి కూడానా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు మందుల్లో ఏది మంచిదో డాక్టరుకే తెలియనప్పుడు, డాక్టరు చేత్తో పంచితే బలంగా ఉన్నవారిని కొత్త మందువైపు నెడతాడు, అప్పుడు మందు గెలిచిందో మనిషి బలం గెలిచిందో తెలియదు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నీళ్ళ చీటీ కూడా అందుకేలే, పెద్దరైతు ముందు పెట్టుకోకుండా" అన్నాడు. వేలిముద్ర వేశాడు. తర్వాత నేను అందరికీ ఆ నీళ్ళ చీటీయే చెప్పేదాన్ని.

గోదావరి గట్టు:

మా నాన్నగారు ఈ రెండు మాత్రలే తొమ్మిది నెలలు వాడారు. దవడ క్యాన్సర్. మొదటి నెల నోట్లో పుండ్లు లేచాయి, డాక్టరుగారు ఒక వారం ఆపి, డోసు కాస్త తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. సెలైన్ రోజుల్లో మంచం దిగని మనిషి, మాత్రల మీద ఉన్నప్పుడు రోజూ గట్టు దాకా నడిచి పేపరు చదువుకుని వచ్చేవారు. రెండో నెలలో మా ఊరి షాపులో అట్ట మీద "రోజుకు 1" అని రాసి ఇచ్చారు. మా చెల్లి చూసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. మేడమ్ చెప్పినది తేలిగ్గా తీసుకోకండి.

నాన్నగారు పోయిన జనవరిలో వెళ్ళిపోయారు. ఆ తొమ్మిది నెలల్లో మనవరాలి ఓణీల వేడుక చూశారు.

ఉద్దానం వాసి:

అందరికీ చేతులెత్తి దండం. క్రియాటినిన్ పాత కాగితంలో 1.1 ఉంది, పోయిన వారం చేయించినదానిలో 1.4. మేడమ్ అడిగేదాకా నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మా నాన్న నాలుగేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయారు. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పలేదు. నాన్న సంగతి అమ్మ జబ్బుకు ఎందుకులే అనుకున్నాను.

పాత రిజిస్టరు:

చెప్పాలి బాబూ, రేపే చెప్పాలి. మీ వైపు కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉన్నది, కారణం ఇదీ అని ఇంతవరకు తేలనిది. సిస్‌ప్లాటిన్ కిడ్నీని దెబ్బతీసే మందు. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీ ద్వారానే. కిడ్నీ మందగిస్తే అది లోపలే నిలిచిపోయి 20 మిల్లీగ్రాములే ఎక్కువ డోసులా పనిచేస్తుంది. సెలెకాక్సిబ్ కూడా కిడ్నీకి చుట్టం కాదు. చిన్న ఒళ్ళు ఉన్నవారికి 1.4 అంటే కాగితం మీద కనిపించేంత చిన్న అంకె కాదు.

ట్రయల్ ఫలితాలు చదివేటప్పుడు మా పెద్ద డాక్టరుగారు ఎప్పుడూ ఒకటే అడిగేవారు: "మన రోగిని ఆ ట్రయల్‌లో చేర్చుకునేవాళ్ళా?" లేచి తిరగగలిగేవారిని, రక్తం, కిడ్నీ, కాలేయం పరీక్షలు బాగున్నవారినే చేర్చుకుంటారు. 7.5 నెలల లెక్క వాళ్ళది. అమ్మగారికి డోసు మార్చాలా, అసలు వద్దా అన్నది ఆ కాగితం చూసి డాక్టరుగారు చెప్పాలి. అది తేలేదాకా ఈ వారం మాత్ర వేసుకోవచ్చో లేదో ఫోను చేసి అడగండి. డైక్లోఫెనాక్ లాంటి వేరే నొప్పి మాత్రలు ఇవ్వకండి. జ్వరమనో మూత్రంలో మంట అనో ఊళ్ళో ఎవరైనా కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పి తిరిగి ఇచ్చేయండి, ఆ రెండూ కలవకూడదు. నాటుమందులు కూడా ఇవ్వకండి.

ఉద్దానం వాసి:

పొద్దున్న ఫోను చేశాను. ఈ వారం మెథోట్రెక్సేట్ ఆపమన్నారు. నీళ్ళు బాగా తాగించి సోమవారం మళ్ళీ రక్తపరీక్ష చేయించి రమ్మన్నారు. నాన్న సంగతి విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ కాగితాలు కూడా తెమ్మన్నారు. తక్కువ డోసు నివోలుమాబ్ గురించి కూడా అడిగాను, సోమవారం మాట్లాడదామన్నారు. తోట అమ్మకం ప్రస్తుతానికి ఆపాను.

మళ్ళీ మొదలుపెడితే గురువారం అనుకున్నాం. మా ఊరి సంత రోజు, అమ్మ ఏది మరిచిపోయినా సంత మరిచిపోదు. ఇంకొక్కటి, ప్లేటు పెట్టుకున్నాక అమ్మకు మాత్రలు గొంతు దిగడం కష్టంగా ఉంది. పొడి చేసి మజ్జిగలో కలిపి ఇవ్వవచ్చా?

పాత రిజిస్టరు:

మెథోట్రెక్సేట్‌ను ఇంట్లో రోట్లో వేసి నూరకండి. ఆ పొడి మీ చేతికీ, ఊపిరికీ మంచిది కాదు. ఇంట్లో కడుపుతో ఉన్నవారుంటే ఆ మాత్రను తాకనివ్వకండి. మింగలేకపోతే ఏం చేయాలో, ఇంజెక్షన్‌గా ఇవ్వడం కుదురుతుందో సోమవారం అడగండి. అడగవలసినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. గదిలోకి వెళ్ళాక ఏదీ గుర్తుండదు, 19 ఏళ్ళు చూశాను.