ఇల్లు అమ్మి, పక్క స్థలంలో కట్టుకోవాలంటే దస్తావేజులో ఏమి రాయించాలి?

తెనాలిలో మా నాన్నగారు పక్కపక్కనే కొన్న రెండు స్థలాలు ఇప్పుడు నా పేరున ఉన్నాయి. తూర్పు స్థలంలో మేము ఉంటున్న డాబా ఇల్లు ఉంది, పడమటిది ఖాళీ. అమ్మగారు ఇక మెట్లు ఎక్కలేరు కనుక, ఈ ఇల్లు అమ్మి, ఆ సొమ్ముతో ఖాళీ స్థలంలో అన్ని వసతులూ కిందనే ఉండేలా ఇల్లు కట్టాలని నిశ్చయించుకున్నాము.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వెలుతురు విషయం. పడమటి గదుల కిటికీలన్నీ ఖాళీ స్థలం వైపే తెరుచుకుంటాయి. 1882 నాటి ఈజ్‌మెంట్ల (అంటే పొరుగువారి స్థలంపై ఉండే అనుభవ హక్కుల) చట్టం 13వ సెక్షన్ ప్రకారం, యజమాని తన ఆస్తిలో ఒక భాగాన్ని అమ్మినప్పుడు, వేరే ఉద్దేశం వ్యక్తం కాకపోతే, ఆ భాగాన్ని అప్పటివరకు అనుభవించిన తీరులో అనుభవించడానికి అవసరమైన గాలి, వెలుతురు వంటి హక్కులు కొన్నవారికి సంక్రమించవచ్చు. అంటే రేపు మేము గోడ లేపితే వారు అడ్డుచెప్పే వీలుంది. మునిసిపల్ నిబంధనల మేరకు ఖాళీ వదిలి కట్టుకునే హక్కు మాకు ఉంటుందని విక్రయ దస్తావేజులో స్పష్టంగా రాయిస్తే సరిపోతుందా, లేక మా ప్లాను నకలును కూడా జతపరచాలా?

బోరు కూడా ఖాళీ స్థలంలోనే ఉంది. కొన్నవారు సొంత బోరు వేయించుకునేవరకు నీరివ్వడం ధర్మమే గానీ, అది శాశ్వత హక్కుగా మారకూడదు.

ఇల్లు అమ్మిన 3 సంవత్సరాలలోపు కొత్త ఇల్లు పూర్తయితే మూలధన లాభంపై పన్ను మినహాయింపు ఉంటుందని తెలుసు. అమ్మకానికి ముందే పునాది వేస్తే ఆ ఖర్చును లెక్కలోకి తీసుకుంటారా?

ఇలాంటి అమ్మకం చేసినవారు, ముఖ్యంగా న్యాయవాదులు, దస్తావేజు లేఖరులు, తాము రాయించిన షరతుల వాక్యాలను దయచేసి తెలియజేయగలరు.