నగరం సొంత విమానాశ్రయంలో లీజు స్థలాలకు అద్దె ఎలా నిర్ణయించాలి?

పాలవెల్లి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని ఒక చిన్న నగరంలో మేము స్థిరపడి పద్నాలుగేళ్లయింది. వృత్తిరీత్యా నేను జమాఖర్చులు చూసేవాణ్ణి. ఆ కారణంగానే కాబోలు, ఈ ఏడాది మా నగరం తన విమానాశ్రయ సలహా మండలిలో నన్ను సభ్యుడిగా వేసింది. ఇక్కడికి విమానయాన సంస్థల సర్వీసులు రావు. సొంత విమానాలున్నవారు, శిక్షణ పొందేవారు, అప్పుడప్పుడు వ్యాపార సంస్థల చిన్న జెట్లు మాత్రమే వాడతాయి.

లీజులు నాలుగైదు రకాలుగా ఉన్నాయి. నగరమే కట్టించి నెలవారీ అద్దెకిచ్చిన టీ-హ్యాంగర్ల (హ్యాంగర్ అంటే విమానం నిలిపే షెడ్డు; ఇవి ఒక్కో చిన్న విమానానికి సరిపడేలా T ఆకారంలో ఉంటాయి) వరుసలు కొన్ని. కేవలం నేలను లీజుకు తీసుకుని విమాన యజమానులు సొంత డబ్బుతో కట్టుకున్న హ్యాంగర్లు కొన్ని. ఇంధనం అమ్మి, మరమ్మతులు చేసే సంస్థ ఒకటి. రహదారి వైపు ఒక గోదాము. రన్‌వే చివరన గడ్డి కోసుకోవడానికి కౌలుకిచ్చిన పొలం. ఇవి కాక అగ్నిమాపక శాఖ శిక్షణకు వాడుకుంటున్న ఒక స్థలం, పిల్లల ఆటమైదానం ఒకటి ఉన్నాయి. ఈ రెండింటి నుంచి ఒక్క డాలరు కూడా రాదు. 2009 తరువాత హ్యాంగర్ల అద్దెలను ఎవరూ ముట్టుకోలేదు. టీ-హ్యాంగర్ కోసం నలభై మంది నిరీక్షణ జాబితాలో ఉన్నారు.

కౌన్సిల్ సభ్యుడొకరు, రహదారికి అవతల గోదాములకు చదరపు అడుగుకు ఎంత పలుకుతున్నదో హ్యాంగర్లకూ అంతే వసూలు చేయాలని పట్టుబడుతున్నారు. అద్దెదారులేమో, విమానాశ్రయం ప్రజల రోడ్డు వంటిదనీ, నిర్వహణ ఖర్చుకు మించి ఒక్క సెంటు కూడా తీసుకోకూడదనీ వాదిస్తున్నారు. వీరిద్దరిలో ఎవరి మాట సరైనది? అసలు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

కొలబద్ద (జవాబు)

పాలవెల్లి గారూ, నేను వేరే రాష్ట్రంలో ఒక నగర విమానాశ్రయపు ఆస్తుల విభాగంలో పదేళ్లకు పైగా పనిచేశాను. మీరు చెప్పిన రెండు వాదాలూ సగం సగం సరైనవే, కానీ రెండూ తప్పుచోట వాడుతున్నారు.

మొదట చూడవలసినది నగరం కేంద్రం నుంచి తీసుకున్న గ్రాంట్లు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌.ఏ.ఏ.) ద్వారా వచ్చే అభివృద్ధి నిధులలో, మీ వంటి చిన్న విమానాశ్రయాలకు సాధారణంగా ఖర్చులో కనీసం 90 శాతం కేంద్రమే భరిస్తుంది. టెక్సాస్‌లో ఆ నిధులు రాష్ట్ర రవాణా శాఖ విమానయాన విభాగం చేతుల మీదుగా వస్తాయి. ఆ డబ్బుతో పాటు ఒప్పంద షరతులు కూడా వస్తాయి. వాటిలో అద్దెలకు సంబంధించినవి ముఖ్యంగా మూడు. 22వ షరతు ప్రకారం విమాన సంబంధమైన వాడకందారులందరికీ సమంజసమైన నిబంధనలతో, అన్యాయమైన వివక్ష లేకుండా విమానాశ్రయాన్ని అందుబాటులో ఉంచాలి. 24వ షరతు ప్రకారం, ఆ విమానాశ్రయపు పరిస్థితులు అనుమతించినంత మేరకు అది తన కాళ్లమీద తాను నిలబడేలా అద్దెలూ రుసుములూ ఉండాలి. 25వ షరతు ప్రకారం అక్కడ వచ్చిన ఆదాయం అక్కడికే ఖర్చు కావాలి. అద్దె తక్కువగా పెట్టి పరోక్షంగా ఇతరులకు లాభం చేకూర్చినా అది ఆదాయాన్ని దారి మళ్లించినట్లే లెక్కకు వస్తుంది.

కాబట్టి ముందుగా మీ లీజులన్నింటినీ రెండు కుప్పలుగా విడదీయండి. స్థలాన్ని ఎవరు తీసుకున్నారన్నది కాదు, దేనికి వాడుతున్నారన్నదే గీటురాయి. విమానంతో సంబంధం లేని వాడకమైతే, అంటే గోదాము, గడ్డి పొలం, ప్రకటనల బోర్డు వంటివైతే, న్యాయమైన మార్కెట్ అద్దె తప్పనిసరి. 1999 ఫిబ్రవరిలో వెలువడిన ఎఫ్‌.ఏ.ఏ. ఆదాయ వినియోగ విధానం ఈ మాటను స్పష్టంగా చెబుతుంది. విమాన సంబంధమైన వాడకమైతే అద్దె సమంజసంగా ఉంటే చాలు. అది మార్కెట్ అద్దె కంటే తక్కువ కావచ్చు.

ఇక అద్దెదారులు చెప్పే ‘ఖర్చుకు మించకూడదు’ అన్న సూత్రం రన్‌వే, టాక్సీవే (విమానాలు రన్‌వేకు వెళ్లివచ్చే దారి) వంటి వాటి వాడకపు రుసుములకు వర్తిస్తుంది. హ్యాంగర్లకూ వాటి కింది నేలకూ ఆ హద్దు లేదు. అక్కడ నగరం ఏదైనా సమంజసమైన పద్ధతిని ఎంచుకోవచ్చు, మార్కెట్ మదింపుతో సహా. అయితే ఎంచుకున్న పద్ధతిని అందరికీ ఒకేలా అమలుచేయాలి. ఒకే రకమైన స్థలంలో ఒకే రకమైన పని చేసుకుంటున్న ఇద్దరికి రెండు రేట్లు ఉంటే, తేడాకు కారణం కాగితం మీద చూపగలగాలి. 2009 నాటి పాత అద్దెదారులకు ఒక రేటు, కొత్తవారికి మరో రేటు అనే ఏర్పాటు మీ మండలిలో ఎవరికైనా తోచి ఉంటే, దానిని మొదటి సమావేశంలోనే పక్కన పెట్టించండి.

నలభై మంది జాబితా సంగతి కూడా చెప్పాలి. అది మీ అద్దె తక్కువగా ఉందనడానికి మంచి సూచనే కానీ నిఖార్సయిన సాక్ష్యం కాదు. నలభైలో ఎందరు వేరే ఊళ్లలో కూడా పేరు రాయించుకున్నారో, ఎందరు ఇప్పటికే విమానం అమ్మేసుకున్నారో ఫోన్లు చేసి కనుక్కోండి. మేము అలా చేసినప్పుడు జాబితా సగానికి పైగా కుంచించుకుపోయింది.

గట్టురాయి (జవాబు)

నా పని స్థలాలకు విలువ కట్టడం. కొలబద్ద గారు చెప్పిన చట్రం సరైనదే. కౌన్సిల్ సభ్యుడి గోదాము పోలికలో ఉన్న చిక్కును మాత్రం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మార్కెట్ అద్దె అనగానే అందరూ పక్క వీధి వైపే చూస్తారు.

రహదారికి అవతల స్థలం కొన్నవాడు దానిని అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, నగర నిబంధనలకు లోబడి మూడంతస్తులు కట్టుకోవచ్చు. విమానాశ్రయం లోపల నేలను లీజుకు తీసుకున్నవాడికి ఎత్తు విషయంలో ఆంక్షలుంటాయి, వాడకం మీద ఆంక్షలుంటాయి, గేటు దాటి ఎవరు రావచ్చో కూడా అతని చేతిలో ఉండదు. అన్నిటికంటే పెద్దది, లీజు ముగిసిన రోజున అతను కట్టిన భవనం చాలా ఒప్పందాల ప్రకారం నగరానికి దక్కుతుంది. ఇన్ని బంధనాలున్న నేలకు బయటి నేల ధరను యథాతథంగా అతికించడం మదింపు అనిపించుకోదు. హ్యాంగర్ నేలకు సరైన పోలిక మరో విమానాశ్రయంలోని హ్యాంగర్ నేలే: దాదాపు అంతే పొడవు రన్‌వే, అటువంటి ఇంధన సౌకర్యం, పెద్ద నగరానికి దాదాపు అంతే దూరం ఉన్నవి నాలుగైదు చూడాలి. ఆ ఊళ్ల అద్దెలు చాలావరకు నగర కౌన్సిళ్ల తీర్మానాలలో బహిరంగంగానే దొరుకుతాయి. అయితే అక్కడ కూడా పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని రేట్లే ఉంటే, ఒకరి నిర్లక్ష్యాన్ని మరొకరు కొలమానం చేసుకున్నట్లవుతుంది. అందువల్ల ఆ రేటు ఎప్పుడు నిర్ణయించారన్నది తప్పక అడగండి.

పోలికలు తగినన్ని దొరకనప్పుడు నేల విలువ మీద రాబడి శాతం కట్టే పద్ధతి ఉంది. లెక్క అర్థం కావడానికి ఊహాత్మకంగా ఒక ఉదాహరణ చెబుతాను. ఆంక్షల వల్ల తగ్గే విలువను తీసివేశాక నేల విలువ చదరపు అడుగుకు 2.50 డాలర్లు అని తేలిందనుకుందాం. దానిపై ఏడాదికి 8 శాతం రాబడి ఆశిస్తే చదరపు అడుగుకు 20 సెంట్లు అవుతుంది. హ్యాంగరూ దాని ముందరి జాగా కలిపి 5,000 చదరపు అడుగులైతే ఏడాదికి 1,000 డాలర్లు. ఇందులో 2.50 గురించి ఎవరూ పెద్దగా తగవు పడరు. తగవంతా ఆ 8 దగ్గరే వస్తుంది. దానిని 10 చేస్తే అద్దె ఒక్కసారిగా నాలుగోవంతు పెరుగుతుంది. అందుకే ఆ శాతాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో మదింపు నివేదికలో రాయించుకోవాలి.

గోదాము విషయంలో మాత్రం కౌన్సిల్ సభ్యుడి మాటే చెల్లుతుంది. అది విమాన సంబంధం కాదు, రహదారి ముఖంగా ఉంది. దానికి రహదారి అవతలి గోదాములే పోలిక.

రెక్కలబండి (జవాబు)

నేను ఇరవై ఏళ్లుగా హ్యాంగర్ అద్దెదారుణ్ణి. లెక్కలన్నీ బాగానే ఉన్నాయి కానీ, ఆ లెక్క ఇంటికి వచ్చే తీరు గురించి కూడా ఎవరైనా చెప్పాలి కదా.

నేను ఉన్న విమానాశ్రయంలో పన్నెండేళ్లు అద్దె కదలలేదు. తరువాత ఒక రోజు ఉత్తరం వచ్చింది: వచ్చే నెల నుంచి 60 శాతం ఎక్కువ. అంతకుముందు ఒక్క సమావేశం లేదు, లెక్క ఎలా కట్టారన్న వివరం లేదు. మేమంతా తక్కువ అద్దెకు అలవాటు పడి ఉన్న మాట నిజమే, అది నేను ఒప్పుకుంటాను. కానీ పన్నెండేళ్ల పాటు నగరం చేయని పనికి శిక్ష ఒక్క నెలలో మాకు వేశారు. ఆ ఏడాది మా వరుసలో ఆరుగురు ఖాళీ చేశారు, మూడు హ్యాంగర్లు చాలా కాలం తాళాలతో ఉండిపోయాయి. పెంచవలసినది ఎంతైనా, దానిని మూడు నాలుగేళ్ల మీద మెట్లుమెట్లుగా సర్దితే ఎవరూ గోల చేయరు.

ఆ తరువాత ఏటా వినియోగదారుల ధరల సూచీ ప్రకారం పెంపు అని నిబంధన పెడతారు. పెట్టండి, మంచిదే, కానీ దానికి పైహద్దు కూడా పెట్టండి. 2022 జూన్‌లో అమెరికా మొత్తం మీద ఆ సూచీ ఏడాదిలో 9.1 శాతం పెరిగింది. హద్దు లేని ఒప్పందాలు ఉన్నవారికి ఆ ఏడు ఎలా గడిచిందో నాకు తెలుసు.

మరొక్క మాట. నిరీక్షణ జాబితా పొడవుగా ఉందంటున్నారు కనుక, ఇప్పుడున్న హ్యాంగర్లలో విమానాలే ఉన్నాయో లేదో తలుపులు తీయించి చూడండి. మా వరుసలో పడవ ఒకటి, పాత సోఫాలు రెండు హ్యాంగర్లలో హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాయి. అదే సమయంలో, సొంతంగా విమానం కట్టుకుంటున్నవారిని గోదాము పెట్టుకున్నవారిగా చూడకండి. 2016లో ప్రకటించి 2017 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చిన హ్యాంగర్ల వాడకపు విధానంలో, వ్యాపారం కోసం కాకుండా సొంతానికి విమానం నిర్మించుకోవడం కూడా విమాన సంబంధమైన పనే అని ఎఫ్‌.ఏ.ఏ. స్పష్టం చేసింది.

బేగంపేట పాతకాపు (జవాబు)

హైదరాబాదులో ఉండి చదువుతున్నాను, పోలికకు రెండు మాటలు. మా శంషాబాదు విమానాశ్రయం నగరపాలక సంస్థది కాదు. ప్రైవేటు సంస్థ నడిపే ఉమ్మడి సంస్థ, అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటా. అక్కడ విమానాలకు సంబంధించిన రుసుములను 2008 నాటి చట్టంతో ఏర్పడిన నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. దుకాణాల అద్దెల జోలికి అది పోదు. 2016 విమానయాన విధానం ప్రకారం ఆ ఇతర ఆదాయంలో 30 శాతాన్ని రుసుములు తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు. రెండు కుప్పలుగా విడదీయడమనే పద్ధతి ఇక్కడా అదే అన్నమాట. కుప్పల మధ్య గోడ ఎంత ఎత్తు అన్నదే తేడా.

పాలవెల్లి (అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. రెక్కలబండి గారి ఉత్తరం సంగతి మండలి సమావేశంలో తప్పక ప్రస్తావిస్తాను. రెండు విషయాలు ఇంకా తేలలేదు. అగ్నిమాపక శాఖ కూడా నగరానిదే కదా, ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసుకోవడానికి అద్దె ఎందుకని మేనేజరు అడుగుతున్నారు. రెండవది, ముప్ఫై ఏళ్ల నేల లీజు ఒకటి వచ్చే ఏడాది ముగుస్తున్నది. హ్యాంగర్ తాను కట్టినదే కనుక పాత అద్దెకే మరో పదేళ్లు పొడిగించమని ఆ లీజుదారు కోరుతున్నారు. పెద్దవారు, అందరికీ ఇష్టమైన మనిషి.

కొలబద్ద (జవాబు)

మీ మేనేజరు గారు చెప్పిన రెండు జేబులూ ఒకే చొక్కావి కావు. విమానాశ్రయపు ఆదాయం మీద కేంద్రం షరతులున్నాయి కనుక, నగర శాఖకు ఉచితంగా స్థలమివ్వడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే. శిక్షణ స్థలం విమాన సంబంధం కాదు కాబట్టి ఆ శాఖ మార్కెట్ అద్దె చెల్లించాలి. అయితే అదే శాఖ విమానాశ్రయానికి నిజంగా ఏదైనా సేవ చేస్తూ ఉంటే, ఆ సేవ విలువను లెక్కకట్టి, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు. ‘పిలిస్తే వస్తారు’ అన్న నోటిమాట పనికిరాదు. ఆటమైదానం సంగతి వేరు. ఆదాయం వచ్చే అవకాశం పెద్దగా లేని నేల అయి, చుట్టుపక్కల ప్రజలలో విమానాశ్రయం పట్ల సుముఖత పెంచేదై, విమానాల అవసరాలకు అడ్డు రానిదైతే, తక్కువ అద్దెకు ఇవ్వడానికి 1999 విధానంలోనే వెసులుబాటు ఉంది. కానీ మైదానం నిర్వహణ ఖర్చును విమానాశ్రయపు ఖాతాలో వేయకండి. ఆ నేలకు రేపు అద్దె ఇస్తానని ఎవరైనా ముందుకు వస్తే పరిస్థితి మారుతుందని కూడా లీజులో రాయండి.

పెద్దాయన లీజు విషయంలో కటువుగా ఉండమని చెప్పను. ముందు పాత ఒప్పందాన్ని పూర్తిగా చదవండి. గడువు ముగిశాక భవనం నగరానిదవుతుందని అందులో ఉంటే, మరుసటి రోజు నుంచి ఆయన నగరపు భవనంలో అద్దెకున్నట్లు. అప్పుడు నేల అద్దె ఒక్కటే తీసుకుంటే, పక్క వరుసలో నగరం కట్టిన హ్యాంగరుకు పూర్తి అద్దె కట్టేవారు, ‘మా మధ్య తేడా ఏమిటి?’ అని అడుగుతారు, ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. ఆయన కప్పు మార్చడం, తలుపులు కొత్తవి పెట్టడం వంటి పెట్టుబడికి సిద్ధమైతే, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి పట్టే ఏళ్లకు తగినట్లు, నేటి నేల రేటుకు కొత్త లీజు ఇవ్వవచ్చు. ఏదేమైనా మొత్తం గడువు 50 ఏళ్లు దాటనివ్వకండి; అంతకు మించిన లీజును ఎఫ్‌.ఏ.ఏ. ఆస్తిని వదులుకోవడంగా పరిగణించవచ్చు.

అన్నిటికంటే ముందు, ఈ నియమాన్ని ఆయన దరఖాస్తు బల్లమీదికి రాకముందే, ఎవరి పేరూ లేకుండా మండలి విధానంగా రాసి కౌన్సిల్ చేత ఆమోదింపజేయండి. మీరు చెప్పిన నేల లీజులలో తరువాత ముగిసేవి ఏ ఏడాదికి ఎన్ని ఉన్నాయో ఒక పట్టిక వేసుకోండి. మా ఊళ్లో ఆ పట్టిక వేసిన రోజున, ఒకే ఏడాదిలో తొమ్మిది ముగుస్తున్నాయని తెలిసింది.